షబ్బాత్ ప్లాటా: కోషర్ వంటింట్లో ఏళ్ల తరబడి వాడాక

ఇజ్రాయెల్‌కి కేర్‌గివర్ పనిమీద వచ్చే మనవాళ్లు వంటింట్లో అడుగుపెట్టగానే ఇదేంటని అడిగేది ప్లాటా గురించే. చూడ్డానికి ఒట్టి రేకు పలక, కింద కరెంటు తీగ. తిప్పడానికి మీట ఉండదు, వేడి పెంచే తగ్గించే వీలూ ఉండదు. ప్లగ్ పెడితే వేడెక్కుతుంది, తీస్తే చల్లారుతుంది, అంతే. టెల్ అవీవ్ పక్కనున్న రమత్ గాన్‌లో, కోషర్ అంటే యూదుల ఆహార నియమాలు పాటించే ఇరాకీ యూదుల ఇంట్లో పనిచేస్తూ ఏళ్లుగా దీన్ని వాడుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: వంట చేయడానికి ఇది పనికిరాదు, చేసిన వంటను కాపాడ్డంలో దీన్ని మించింది లేదు. ఆ తేడా పట్టుబడితే శనివారం టెన్షన్ ఉండదు.

శుక్రవారం పొద్దు గూకక ముందు మొదలై శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా షబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం. ఆ సమయంలో వాళ్లు పొయ్యి వెలిగించరు, స్విచ్ ముట్టరు, వండరు. కానీ భోజనం మాత్రం వేడిగా ఉండాలి, పైగా వారం మొత్తంలో మంచి భోజనం అదే. అందుకని శుక్రవారమే వండి, వెలుగుండగానే గిన్నెలు ప్లాటా మీదికి చేరుస్తాం. మీట లేకపోవడమే దీని గొప్ప. మంట పెంచుదామన్న ఆలోచనకే చోటుండదు.

దీని సత్తా చూడాలంటే త్బీత్ తినాలి. మా ఇంటి పెద్దావిడను అందరిలాగే నేనూ సవ్తా అంటాను, అంటే నాన్నమ్మ. 1950-51లో ఇరాక్ నుంచి దాదాపు 1,20,000 మంది యూదులు విమానాల్లో ఇక్కడికి వచ్చారు, ఆవిడ అప్పటికి చిన్నపిల్ల. బాగ్దాద్ నుంచి తెచ్చుకున్న వంట ఇది. కోడి పొట్టలో బియ్యం, గుండె, కందనకాయ ముక్కలు, టమాటా, బహారాత్ మసాలా కూరి కుట్టేస్తారు. ఎర్రగా వేయించి, టమాటా గుజ్జు, నీళ్లు పోసి ఉడికించి, చుట్టూ ఇంకొంత బియ్యం వేస్తారు. బాగా ఉడికాకే గిన్నె ప్లాటా ఎక్కుతుంది. పక్కనే చిన్న గిన్నెలో ఉల్లిపొట్టు వేసి ఉడికించిన కోడిగుడ్లు. తెల్లారేసరికి గుడ్డు పెంకు ఒలిస్తే లోపల తెల్లసొన లేత గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది, పొయ్యి మీద ఎంతసేపు ఉడికించినా ఆ రుచి రాదు. ఉదయం ఆ గుడ్లు, ముందురోజు వేయించి పెట్టిన వంకాయ ముక్కలు, అంబా. అంబా అంటే మామిడికాయ పచ్చడే, బొంబాయిలో వ్యాపారం చేసిన బాగ్దాదీ యూదుల ద్వారా వచ్చిందని ఇక్కడివాళ్లు చెబుతారు. మధ్యాహ్నం త్బీత్. కోడి ముక్క వేలితో తాకితే విడిపోతుంది. అడుగున కరకరలాడే మాడు కోసం మనవలు పోటీ పడతారు.

ఇక మన వంటలు. ముద్దపప్పు, సాంబారు రాత్రంతా చక్కగా నిలుస్తాయి, కాకపోతే శుక్రవారం కాస్త పలచగా దించాలి. బెండకాయ, దొండకాయ వేపుళ్లు మెత్తబడి పాడవుతాయి, వాటిని చల్లగా తినడమే నయం. అన్నం గిన్నె నడిమధ్యలో పెడితే అడుగంటుతుంది, అంచుకు జరపాలి. మా ఇంట్లో ఇంకో కట్టుబాటు ఉంది: పప్పు, చారు లాంటివి ఒకసారి తీసి చల్లారాయంటే షబ్బాత్‌లో మళ్లీ ప్లాటా మీద పెట్టకూడదు. పూర్తిగా ఉడికి పొడిగా ఉన్న అన్నం, కోడి ముక్కలు, చపాతీలు ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టొచ్చు. ఇల్లు మారితే పద్ధతి మారుతుంది, మీ ఇంట్లో అడిగి తెలుసుకోండి.

నిజానికి మన చేతికి కష్టమనిపించేది ప్లాటా కాదు, మాంసం, పాలు వేరుగా ఉంచడం. గిన్నెలు, చెంచాలు, సింకులు అన్నీ రెండేసి. మాంసం వాటికి ఎర్ర స్టిక్కరు, పాలవాటికి నీలం, రెండూ కానివాటికి ఆకుపచ్చ. ఆ మూడోదాన్ని పర్వే అంటారు, మన శాకాహారం చాలావరకు దాంట్లోకే వస్తుంది. కానీ పప్పులో నెయ్యి తాలింపు పడిందో, అది పాల వంట అయిపోయినట్టే, కోడికూర పక్కన వడ్డించడానికి లేదు. నూనెతో పోపు పెట్టండి. మాంసం తిన్నాక ఈ ఇంట్లో ఆరు గంటలు పాలు ముట్టరు కాబట్టి మధ్యాహ్నం పెరుగన్నం, పాల టీ ఉండవు. కోడికూర చిక్కదనానికి పెరుగుకి బదులు కొబ్బరిపాలు పోస్తాను. చేపను కూడా వీళ్లు పాలతో కలపరు. ఉల్లి, అల్లం, వెల్లుల్లి లాంటి ఘాటైనవాటిని మాంసం కత్తితో తరిగితే అవి మాంసం కిందికే లెక్క. అందుకే అల్లం వెల్లుల్లి ముద్దకి ఆకుపచ్చ స్టిక్కరు కత్తి, మిక్సీ జార్ విడిగా పెట్టుకున్నాను. కొత్తగా వచ్చేవాళ్లు ముందు ఈ ఏర్పాటు చేయించుకోండి, సగం గొడవ తీరుతుంది.

వంట నేనే చేసినా గిన్నె పొయ్యి మీద పెట్టాల్సింది సవ్తా. యూదులు కానివాళ్లు మొదలునుంచి చివరిదాకా ఒక్కరే వండితే వీళ్లు తినరు. ఆవిడ చేతులు వణుకుతాయి. అన్నీ వేసిన గిన్నె బరువు నేను కింద నుంచి పట్టుకుంటే, ఆవిడ రెండు చెవులూ పట్టుకుని పెడతారు. పెట్టాక ఉప్పు చూడమని నాకే చెంచా ఇస్తారు. ఈ పద్ధతి నన్ను దూరం పెట్టడానికని నాకెప్పుడూ అనిపించలేదు. ఈ ఇంట్లో వంట ఇద్దరి పని.

లోపాలూ చెప్పాలి. నడుమ వేడి ఎక్కువ, అంచుల్లో తక్కువ. పలచని అల్యూమినియం గిన్నెలు దీనిమీద మాడతాయి, మందపాటి అడుగున్నవే వాడండి. ఎండాకాలంలో వంటిల్లు కొలిమిలా ఉంటుంది. అంచు చేతికి తగిలితే చురుక్కుమంటుంది, పెద్దవాళ్లు తడుముకునే చోటికి దూరంగా గోడవైపు పెట్టాలి. ఇంతకుముందు ఇంట్లో ఉన్న చౌకరకం ప్లాటా తీగ మొదట్లోనే నల్లబడితే తీసి పారేశాం. కాబట్టి తీగ మందం, ప్లగ్ బిగువు చూసుకోకుండా కొనకండి. సైజు విషయంలో పీనాసితనం వద్దు. చిన్నది కొంటే గిన్నెలన్నీ నడుమ ఇరుక్కుని అన్నీ అడుగంటుతాయి. షబ్బాత్ గడియారం, అంటే ప్లగ్‌కి పెట్టే టైమర్ కూడా తీసుకోండి. శనివారం భోజనాలయ్యే వేళకి దానంతట అదే ఆగిపోయేలా ముందుగానే పెట్టుకుంటే కరెంటు కలిసొస్తుంది.

పెసాహ్ అంటే పులిసే గోధుమ పదార్థాలేవీ ఇంట్లో ఉండకూడని యూదుల పండుగ. దానికి ప్లాటాను తోమి, కొత్త ఫాయిల్ పరిచి వాడతాం. ఇరాకీలు ఆ ఏడు రోజులూ అన్నం తింటారు, అయితే బియ్యాన్ని తెల్లగుడ్డ మీద పోసి గోధుమ గింజ ఒక్కటీ లేకుండా మూడుసార్లు ఏరాలి. అది మనకు చేతనైన పనే. మరిచిపోయేది ఇంగువ. మన కొట్లలో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు గోధుమపిండి కలుపుతారు, అది పండుగలో ఇంట్లో ఉండకూడదు. డబ్బా మీద చదివి, గోధుమ ఉంటే ముందే బయటికి పంపేయండి. ఆ వారం చారుకి వెల్లుల్లి, జీలకర్ర చాలు.