మాస్టర్స్ కయాక్ క్యాంపు: సెవిల్, మోంతెమోర్ అనుభవాలు

యాభై దాటిన కయాక్ (సన్నటి తెడ్డు పడవ) రేసర్ శిక్షణ క్యాంపు ఎంచుకోవడం వేరు, కుర్రవాళ్లు ఎంచుకోవడం వేరు. వాళ్లకు నీళ్లు బాగుంటే చాలు. మనం మాత్రం నీటికీ మంచానికీ దూరమెంత, మధ్యాహ్నం ఒక కునుకు తీసే వీలుందా, ఇచ్చే బోటు మన ఒంటికి సరిపోతుందా అన్నవి ముందు తేల్చుకోవాలి. స్పెయిన్‌లోని సెవిల్‌లో ఒకసారి, పోర్చుగల్‌లోని మోంతెమోర్-ఒ-వెల్యులో ఒకసారి మాస్టర్స్ క్యాంపులకు వెళ్లొచ్చాక నాకు గట్టిగా ఏర్పడిన అభిప్రాయం ఇది.

మారథాన్ కయాకింగ్‌లో మాస్టర్స్ విభాగం 35 ఏళ్లకే మొదలవుతుంది, ఐదేళ్లకో గ్రూపు. అంటే ఒకే క్యాంపులో ముప్ఫై ఆరేళ్లవాళ్లూ ఉంటారు, డెబ్బై దాటినవాళ్లూ ఉంటారు. అందరికీ ఒకే ప్లాన్ ఇచ్చే క్యాంపు అయితే డబ్బు కట్టేముందు ఇంకోసారి ఆలోచించాలి.

నీళ్ల విషయంలో నా ఓటు సెవిల్‌కే. గ్వాదల్‌కివిర్ నది పాత పాయ ఊరి మధ్యలోంచి పోతుంది. పై చివర మూసేశారు, కింది చివర లాకు (పడవలను దాటించే నీటి గేట్లు) ఉంది. సముద్రపు ఆటుపోట్లు లోపలికి రావు, ప్రవాహం దాదాపు ఉండదు. ఎటు వెళ్లినా గాలి ఒక్కటే తేడా కాబట్టి జీపీఎస్‌లో కనిపించే వేగాన్ని నమ్మొచ్చు. చలికాలంలో నీళ్లు గడ్డకట్టే దేశాల జట్లు ఇక్కడికి రావడానికి కారణం ఇదే. 2002లో కయాక్, కనూల ప్రపంచ స్ప్రింట్ (తక్కువ దూరపు) పోటీలు కూడా ఇక్కడే జరిగాయి. సుదూరం ఆపకుండా తెడ్డు వేసుకుంటూ, ఒక్కో వంతెన కింద నుంచి దాటుతూ పోతుంటే గంటన్నర ఎలా గడిచిందో తెలియదు.

ఇబ్బంది రద్దీతోనే. రోయింగ్ వాళ్లు వీపు ముందుకు పెట్టి వెళతారు, ఎదురుగా ఎవరున్నారో వాళ్లకు కనబడదు. కనుక చూసుకోవాల్సింది మనమే. ఎనిమిది మంది బోటు పక్కనుంచి దూసుకుపోతే వచ్చే అలకు సన్నటి కే1లో (ఒక్కరే నడిపే రేసు కయాక్‌లో) నిలదొక్కుకోవడం అనుభవం ఉన్నవాళ్లకే పరీక్ష. పొద్దున్నే, జట్లన్నీ దిగకముందే నీళ్ల మీదికి వెళ్లడం మంచిది.

మోంతెమోర్ స్వభావం వేరు. కొయింబ్రా దగ్గర, మొందేగు నది పక్కన, వరిపొలాల నడుమ తవ్విన తిన్నని రేసు కోర్సు అది. 2018 ప్రపంచ స్ప్రింట్ పోటీలు అక్కడే జరిగాయి. 200, 500, 1000 మీటర్లు టైమ్ పెట్టుకుని వేయాలంటే అంతకన్నా మంచి చోటు దొరకదు. కానీ చుట్టూ గాలికి అడ్డేమీ లేదు. మధ్యాహ్నం పక్కగాలి లేస్తే టెక్నిక్ సెషన్ అంతా బోటు నిలబెట్టుకోవడానికే సరిపోయేది. పైగా ఒకే గీత మీద అటూ ఇటూ తిరగడం దూరపు సెషన్లలో విసుగు పుట్టిస్తుంది. రేసుకు ముందు పదును పెట్టుకోవడానికి మోంతెమోర్, చలికాలంలో దమ్ము పెంచుకోవడానికి సెవిల్ అని నేను విడదీసుకున్నాను.

బస విషయంలో మాత్రం మోంతెమోర్ క్యాంపే బాగుంది. గది నుంచి పాంటూన్‌కి (బోటు ఎక్కే తేలే వేదికకు) నడిచి వెళ్లొచ్చు. పొద్దున సెషన్ అయ్యాక స్నానం, భోజనం, ఒక గంట నిద్ర, సాయంత్రం మళ్లీ నీళ్ల మీదికి. సెవిల్‌లో నిర్వాహకులు మాకు పాత వీధుల్లో అపార్ట్‌మెంట్ ఇచ్చారు. చూడ్డానికి ఎంతో అందమైన ఇల్లు, కానీ లిఫ్ట్ లేదు, నీళ్లకు చాలా దూరం. మధ్యలో గదికి రావడం కుదరక బోట్‌హౌస్ బెంచీల మీదే గడిపాం. సగం రోజులు గడిచేసరికి సాయంత్రం సెషన్లలో అందరి వేగం పడిపోయింది. ఈ వయసులో ఒంటికి సత్తువ వచ్చేది విశ్రాంతిలోనే. బస గురించి నేను ఇంత పట్టుపట్టేది అందుకే.

ఇక బోట్లు. ఒకప్పుడు కే1 వెడల్పు కనీసం 51 సెంటీమీటర్లు ఉండాలని నియమం ఉండేది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ తర్వాత దాన్ని తీసేశారు. ఇప్పటి రేసు బోట్లు 40 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటున్నాయి. పాత బోట్లలో నేర్చుకున్న మా తరానికి అందులో బ్యాలెన్స్ కొత్తగా నేర్చుకున్నంత పని. బరువును బట్టి బోటు సైజు మారుతుంది కాబట్టి మన బరువు ముందే రాసి పంపాలి. నేను పంపినా ఒక క్యాంపులో చిన్న సైజు బోటే ఇచ్చారు. మార్పించుకునేసరికి రెండు సెషన్లు పోయాయి. రెండు ముక్కలుగా విడిపోయే సొంత వింగ్ పాడిల్ (రెక్కలా వంపు తిరిగిన రేసు తెడ్డు), అలవాటైన సీటు ప్యాడ్ బ్యాగులో పెట్టుకుని వెళ్లడం తప్పనిసరి అంటాను. అద్దె బోటుకు సర్దుకోవచ్చు, అద్దె సీటుకు నడుము సర్దుకోదు.

అన్నింటికన్నా విలువైన సేవ కోచింగ్. సెవిల్ కోచ్ మోటార్ బోటులోంచి ఒక్కొక్కరినీ పక్కనుంచి, వెనకనుంచి వీడియో తీసి, రాత్రి విడివిడిగా చూపించేవాడు. నా నడుము పైభాగం కుడివైపు తిరిగినంత ఎడమవైపు తిరగడం లేదని అప్పుడే కళ్లారా చూశాను. దాన్ని సరిదిద్దడానికి బలం పెంచమనలేదు. పొద్దున నీళ్లలోకి దిగేముందు వెన్ను తిప్పే వ్యాయామాలు ఇచ్చాడు, తెడ్డును నీటిలోంచి తుంటి దగ్గరే తీసేయమన్నాడు. భుజం నొప్పి తగ్గింది. కఠినమైన సెషన్ రోజు విడిచి రోజే పెట్టేవాడు, మిగతా రోజుల్లో తేలికపాటి దూరం. జర్మనీ కయాకర్ బిర్గిట్ ఫిషర్ 1980లో 18 ఏళ్లకు ఒలింపిక్ స్వర్ణం గెలిచి, 2004లో 42 ఏళ్లకు మళ్లీ గెలిచింది. ఇటలీ తరఫున ఆడిన జోసెఫా ఇడెమ్ 2008 ఒలింపిక్స్‌లో 43 ఏళ్ల వయసులో సెకనులో వెయ్యింట నాలుగు వంతుల తేడాతో స్వర్ణం పోగొట్టుకుంది. వాళ్ల పేర్లెత్తి అరవై దాటిన మా జట్టువాళ్లను పరుగెత్తించే కోచ్‌లున్నారు. ఈయన అలా చేయలేదు, ఒక్కొక్కరి గుండె వేగం చూసి సెషన్ కుదించేవాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

మోంతెమోర్‌లో కోచ్ ఒక్కడే, మేం చాలామందిమి. టైమ్ చదవడం తప్ప ఆయనకు తీరిక దొరకలేదు. మారథాన్ వాళ్ల కోసం పెట్టిన పోర్టేజ్ (రేసు మధ్యలో ఒడ్డెక్కి బోటు మోసుకెళ్లడం) సాధన మాత్రం చక్కగా సాగింది. బోటు భుజాన వేసుకుని పరుగెత్తడం కన్నా, పాంటూన్ మీదికి దిగి లేవడమే మోకాళ్లకు కష్టం. దాన్ని నెమ్మదిగా, విడి ముక్కలుగా నేర్పించారు.

క్యాంపు ఖాయం చేసుకునేముందు కోచ్‌కి ఎంతమంది, సేఫ్టీ బోటు ప్రతి సెషన్‌లో ఉంటుందా, విశ్రాంతి రోజు ఉందా అని రాతపూర్వకంగా అడగండి. చలికాలపు నీటిలో బోల్తా పడితే చేతులు త్వరగా మొద్దుబారతాయి, ఈతొచ్చినా ఒడ్డు చేరడం కష్టమవుతుంది. సేఫ్టీ బోటు గురించి సూటిగా జవాబు రాకపోతే ఆ క్యాంపుకి నేను వెళ్లను.