పంక్సటానీ గ్రౌండ్‌హాగ్ డే: ఫ్రెండ్స్‌తో కారులో వెళ్ళేవాళ్ళకి

ఫిబ్రవరి 2న తెల్లవారుతుండగా పొడుగు టోపీలు, నల్ల కోట్లు వేసుకున్న పెద్దమనుషులు ఒక చెట్టు మొద్దుకున్న తలుపు తీసి, లోపలున్న బొద్దు జంతువుని పైకెత్తి, చలి ఇంకా ఎన్నాళ్ళని అడుగుతారు. దానికి తన నీడ కనబడితే మరో ఆరు వారాలు చలి, కనబడకపోతే వసంతం తొందరగా వస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని చెప్పుకునే మనకి ఇది మరీ వింతేం కాదు. మనం శివుడికి వదిలేశాం, వాళ్ళు ఉడుత కుటుంబానికి చెందిన గ్రౌండ్‌హాగ్‌కి అప్పజెప్పారు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం పశ్చిమాన ఉన్న పంక్సటానీ ఆరు వేల జనాభా కూడా లేని ఊరు. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ నమ్మకం నుంచి పుట్టిన ఈ వేడుక ఊరవతల గాబ్లర్స్ నాబ్ అనే గుట్ట మీద 1887 నుంచి జరుగుతోంది. ఆ గ్రౌండ్‌హాగ్ పేరు ఫిల్. ఆ రోజు నుంచీ ఉన్నది ఒకే ఫిల్ అనీ, ఏటా తాగించే అమృతం వల్లే బతికుందనీ వేడుక జరిపే గ్రౌండ్‌హాగ్ క్లబ్బు వాళ్ళు నవ్వకుండా చెబుతారు. అడవిలో గ్రౌండ్‌హాగ్ ఆరేళ్ళు బతికితే గొప్ప.

ముందే తెలుసుకోవాల్సిందేంటంటే, అసలు జోస్యం నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. దానికోసం చలిలో మూడు నాలుగు గంటలు నిలబడాలి, ఒక రాత్రి నిద్ర పోతుంది. కాబట్టి ట్రిప్ బాగా జరిగిందా లేదా అన్నది ఫిల్ చేతిలో లేదు. ఎక్కడ పడుకున్నారు, కాళ్ళకి ఏం వేసుకున్నారు, తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ ఎవరు పట్టారు అన్న మూడింటి మీదే ఉంది.

ముందు పడక సంగతి. పంక్సటానీలో ఉన్న కొద్దిపాటి హోటల్ గదులు చాలా నెలల ముందే నిండిపోతాయి, డిసెంబర్‌లో వెతికితే దొరకవు. దక్షిణాన ఇండియానా, ఈశాన్యాన డూబాయ్స్, ఉత్తరాన బ్రూక్‌విల్ అనే మూడు ఊళ్ళు అరగంట, ముప్పావుగంట దూరంలో ఉన్నాయి. పిట్స్‌బర్గ్ నుంచి వచ్చేవాళ్ళకి ఇండియానా మేలు. యూనివర్సిటీ ఊరు కాబట్టి తిండికి, కొట్లకి లోటుండదు, తిరుగు దారి కూడా అటే. జీపీఎస్‌లో ఊరి పేరుతో పాటు పెన్సిల్వేనియా అని కూడా కొట్టండి, లేకపోతే ఇండియానా రాష్ట్రానికి దారి చూపించినా చూపిస్తుంది. న్యూజెర్సీ, న్యూయార్క్ నుంచి ఇంటర్‌స్టేట్ 80 మీద వచ్చేవాళ్ళకి డూబాయ్స్ దారిలోనే తగులుతుంది. (రాతలో ఫ్రెంచ్ పేరులా ఉంటుంది గానీ అక్కడివాళ్ళ నోట డూబాయ్సే.) బ్రూక్‌విల్ కూడా అదే హైవే పక్కన ఉంది, డూబాయ్స్ కంటే చిన్నది.

పిట్స్‌బర్గ్ దాదాపు 80 మైళ్ళే కదా, గది దండగ, అర్ధరాత్రి బయల్దేరి పొద్దున్నే వచ్చేద్దాం అని ప్రతి గ్రూపులోనూ ఒకరు అంటారు. వెళ్ళేటప్పుడు ఉత్సాహంతో పర్వాలేదు, ప్రమాదమంతా వచ్చేటప్పుడే. రాత్రంతా మెలకువగా ఉండి, గడ్డకట్టిన ఒంటితో హీటర్ వేసిన కారులో కూర్చుంటే పావుగంటలో రెప్పలు వాలిపోతాయి. నలుగురు కలిసి ఒక గది తీసుకుంటే తలా పడేది పెద్ద మొత్తం కాదు. ఫిబ్రవరి 1 మధ్యాహ్నానికల్లా చెక్ ఇన్ అయి, సాయంత్రం ఆరింటికి పడుకుని, రెండింటికి లేవాలి. చెక్ అవుట్ సాధారణంగా 11 గంటలకి ఉంటుంది, ఫిబ్రవరి 2న ఒంటిగంట దాకా ఇవ్వమని బుకింగ్ రోజే అడగండి. తిరిగొచ్చాక దొరికే ఆ రెండు గంటల నిద్ర కోసమే అసలు గది తీసుకునేది.

కారు విషయంలో స్టూడెంట్లకి దెబ్బ తగిలేది రెండు చోట్ల. 25 ఏళ్ళ లోపు వాళ్ళకి రెంటల్ కంపెనీలు రోజువారీ అదనపు ఫీజు వేస్తాయి. కొన్ని యూనివర్సిటీలకి ఆ కంపెనీలతో ఒప్పందం ఉంటుంది కాబట్టి బుక్ చేసే ముందు మీ వర్సిటీ కోడ్ ఉందేమో చూడండి. రెండోది, కాంట్రాక్టులో పేరు లేనివాళ్ళు నడిపితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు. కనీసం ఇద్దరి పేర్లు రాయించండి. ఐదుగురైతే సెడాన్ వద్దు. లావు జాకెట్లతో వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే బెల్టు పట్టదు. ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే గుట్టెక్కడానికి పనికొస్తుందే గానీ మంచు మీద బ్రేకు వేసినప్పుడు చేసేదేం లేదు. ముందు కారుకి దూరం పాటించడం ఒక్కటే మందు.

పిట్స్‌బర్గ్ నుంచి రూట్ 28 మీద కిట్టానింగ్, అక్కడ 422 మీద ఇండియానా, తర్వాత 119 ఉత్తరంగా పంక్సటానీ. చివరి ముక్క రెండు వరసల కొండదారి. చీకట్లో జింకలు అడ్డం వస్తాయి, వంతెనల మీద కనబడని మంచు పొర ఉంటుంది, క్రూజ్ కంట్రోల్ జోలికి పోవద్దు. అద్దం కడిగే నీళ్ళ ట్యాంకులో వేసవి ద్రవం ఉంటే అద్దం మీద పడగానే గడ్డకట్టి ముందేమీ కనబడదు, మైనస్ 20 ఫారన్‌హీట్ దాకా పనికొచ్చేదే పోయించండి. రాత్రి చలికి టైరు ప్రెషర్ లైటు వెలిగితే కంగారు పడక్కర్లేదు. ప్రతి పది డిగ్రీల ఫారన్‌హీట్‌కి ఒక పీఎస్‌ఐ తగ్గడం మామూలే, గాలి పట్టిస్తే సరి. కారు పైకప్పు మీది మంచు దులపకుండా బయల్దేరొద్దు, పెన్సిల్వేనియాలో అది చట్టం కూడా.

సొంత కారుతో నాబ్ దాకా వెళ్ళే ఆశ పెట్టుకోవద్దు. ఊళ్ళో పార్క్ చేసి షటిల్ బస్సెక్కాలి. బస్సులు, గేట్లు తెల్లవారుజామున మూడు ప్రాంతంలో మొదలవుతాయి. టికెట్లు, ఎక్కే చోట్లు, సంచుల నియమాలు ఏటా మారుతుంటాయి, జనవరిలో క్లబ్బు ప్రకటన చూసుకోండి. మద్యం మాత్రం పైకి రానివ్వరు. మూడున్నరకల్లా బస్సెక్కితే స్టేజీ దగ్గరగా చోటు దొరుకుతుంది. ఐదు దాటితే ముందున్నవాళ్ళ టోపీలే చూస్తారు. నడిచి వెళ్ళొచ్చు కూడా, రెండు మైళ్ళు, ఎక్కుడు దారి. కాకపోతే చెమట పట్టి, ఆ తడితో నిలబడితే చలి రెండింతలవుతుంది.

మైనస్ పది సెల్సియస్ ఆ గుట్ట మీద మామూలు. జాకెట్ గురించి అందరూ ఆలోచిస్తారు, ఓడిపోయేది పాదాల దగ్గర. గడ్డకట్టిన నేల బూటు అడుగు నుంచి వేడిని లాగేస్తుంది. ఒక అమెజాన్ అట్టపెట్టె చింపి రెండు ముక్కలు మడిచి జాకెట్‌లో దూర్చుకుని, పైకెళ్ళాక దాని మీద నిలబడండి. ఇరవై డాలర్ల సాక్సు కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది. రెండు జతల సాక్సు ఇరికిస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. ఒక్క ఉన్ని జత, వేళ్ళు కదిలేంత బూటు చాలు. జీన్స్ వద్దు, లోపల థర్మల్ తప్పనిసరి. హ్యాండ్ వార్మర్లకి గాలి తగిలితేనే వేడి పుడుతుంది కాబట్టి ప్యాకెట్ చింపాక ఒక నిమిషం బయట ఉంచి, తర్వాత జేబులో వేసుకోండి. ఫోన్ లోపలి జేబులో ఉండాలి. చలికి 60 శాతం ఛార్జున్న ఫోన్ కూడా సరిగ్గా ఫిల్ బయటికొచ్చే క్షణంలో ఆరిపోగలదు.

సూర్యోదయానికి ముందు పాటలు, డాన్సులు, బాణసంచా ఉంటాయి. ఏడున్నరకి కొంచెం ముందు క్లబ్బు అధ్యక్షుడు కర్రతో మొద్దుని తడతాడు. మందపాటి గ్లవ్స్ వేసుకున్న సంరక్షకుడు ఫిల్‌ని ఎత్తి జనానికి చూపిస్తాడు. మొద్దు మీద రెండు కాగితపు చుట్టలుంటాయి, అందులో ఫిల్ 'ఎంచుకున్నది' చదువుతారు. ఆకాశం నిండా మబ్బున్నా నీడ కనబడొచ్చు, అడక్కండి. జోస్యం నిజమయ్యేది సగం సార్లు కూడా కాదని అమెరికా వాతావరణ శాఖ లెక్క. కేకలు వేసేవాళ్ళకి మాత్రం అది లెక్కలోకి రాదు.

చదవడం అవగానే వేలమంది ఒక్కసారిగా బస్సుల మీద పడతారు. పరిగెత్తకండి. ఫిల్‌తో ఫోటోలకి స్టేజీ దగ్గర కాసేపు అవకాశం ఉంటుంది. ఆ ఫోటో తీసుకుని గంట తర్వాత వస్తే లైను కూడా తగ్గుతుంది, బస్సు కోసం నిలబడి గడ్డకట్టడం కూడా తప్పుతుంది.

ఊళ్ళో చూడాల్సింది గంటన్నర పని. లైబ్రరీ గోడలోని అద్దం వెనక ఫిల్ ఇల్లు, బార్‌క్లే స్క్వేర్, వీధుల్లో రంగురంగుల గ్రౌండ్‌హాగ్ బొమ్మలు. వాతావరణం గురించి ఒక చిన్న మ్యూజియం ఉంది, పాత పోస్టాఫీసు భవనంలో. 1993 హాలీవుడ్ సినిమా 'గ్రౌండ్‌హాగ్ డే'లో చూసిన చౌరస్తా కోసం వెతక్కండి, అది తీసింది ఇల్లినాయ్‌లోని వుడ్‌స్టాక్‌లో. ఆ రోజు రెస్టారెంట్లన్నీ కిటకిటలాడతాయి, శాకాహారులకి పాన్‌కేకులు, ఫ్రైస్ దాటి దొరికేది తక్కువ. పులిహోర కట్టుకెళ్ళండి. పెరుగన్నం కారులో వదిలేస్తే పొద్దున్నకి రాయి అవుతుంది.

తిరుగు దారికి మాత్రం 28 వద్దు. ఇండియానా నుంచి 119 మీదే బ్లెయిర్స్‌విల్ వచ్చి, 22 పడమరగా పట్టుకుంటే మన్రోవిల్ పక్కనే పెన్ హిల్స్‌లో శ్రీ వేంకటేశ్వర ఆలయం. 1970లలో కట్టిన గుడి, అమెరికాలో మనవాళ్ళ పాత గుళ్ళలో ఒకటి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం గుడి మూసే వేళలు, క్యాంటీన్ ఉందో లేదో ముందే చూసుకోండి. అక్కడ వేడి సాంబారు దొరికితే ఆ పూటకి డ్రైవర్‌ని మార్చేయండి, తిన్నవాడు నడపకూడదు.