రంగుల రీడింగ్ కార్డుల పెట్టె: ఏడాది వాడాక నా రివ్యూ

ఒకే క్లాసులో ఒకరు పేజీ మొత్తం చదివేసి పక్కవాళ్లకి కథ చెప్తుంటారు, ఇంకొకరు మొదటి వాక్యంలో రెండో మాట దగ్గరే ఆగిపోయి ఉంటారు. ఇంగ్లీషు చెప్పే ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. నా ఎనిమిదో తరగతిలో 41 మంది. పాఠం మధ్యరకంగా చెబితే ఆ చివర ఉన్నవాళ్లకి విసుగు, ఈ చివర ఉన్నవాళ్లకి భయం. పోయిన ఏడాది ఈ టెన్షన్ భరించలేకే, లెవెల్స్‌గా విడగొట్టిన రీడింగ్ కార్డుల పెట్టె ఒకటి స్కూలు చేత కొనిపించాను. వారానికి రెండు పీరియడ్ల చొప్పున ఏడాదంతా వాడాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి పెట్టెలు చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి, అందుకని ఏది కొనాలనుకున్నా ఈ అనుభవం పనికొస్తుంది.

పద్ధతి పాతదే. అమెరికాలో డాన్ పార్కర్ తయారుచేసిన ఎస్‌ఆర్‌ఏ రీడింగ్ ల్యాబొరేటరీ అనే కార్డుల పెట్టె 1957లో వచ్చింది, రంగుల కార్డులతో ఎవరి లెవెల్లో వాళ్లు చదివి, ఎవరి జవాబులు వాళ్లే దిద్దుకుని పై రంగుకి వెళ్లడం అక్కడి నుంచే పేరుపొందింది. నేను కొన్నదీ అంతే. తేలిక నుంచి కష్టం దాకా పది రంగులు, కార్డుకి ముందు వైపు చిన్న పాఠం, వెనక ప్రశ్నలు, పదాల పని, విడిగా ఆన్సర్ కీ. మొదట ఒక టెస్టు పెట్టి ఎవరు ఏ రంగులో మొదలుపెట్టాలో తేల్చుకోవాలి.

ముందు బాగున్నది చెప్తాను, ఎందుకంటే అది నిజంగా చాలా బాగుంది. ఆ మొదటి టెస్టు నా కళ్లు తెరిపించింది. మూడో బెంచీలో ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి ఎనిమిదో రంగులో తేలింది. గలగలా మాట్లాడే ఇద్దరు అబ్బాయిలు రెండో రంగులో ఆగారు. అప్పటిదాకా నేను ధైర్యాన్ని చూసి ఇంగ్లీషు అనుకున్నానని అర్థమై చాలా బాధేసింది. రెండోది, నలభై మంది ఎవరి కార్డు వాళ్లు చదువుకుంటుంటే నాకు చేతులు ఖాళీ అయ్యాయి, నలుగురైదుగురి పక్కన కూర్చుని ఒక్కొక్కరు ఎక్కడ తడబడుతున్నారో వినగలిగాను. మామూలు పీరియడ్లో ఇది నా వల్ల ఎప్పుడూ కాలేదు.

ఇక ఇబ్బందులు. కింది రంగుల కార్డుల్లో భాష తేలిక, అది సరే, కానీ విషయం కూడా పసిపిల్లలది. కుక్కపిల్ల బంతి వెతుక్కునే కథ పదమూడేళ్ల అబ్బాయి చేతిలో పెడితే వాడు కార్డుని పుస్తకం కింద దాచుకుని చదివాడు. చదవడం రాకపోవడం వేరు, వయసుకి తగ్గ ఆలోచన లేకపోవడం వేరు. ఆ అబ్బాయి ఇంట్లో బల్బు హోల్డర్ తనే బిగిస్తాడు, క్రికెట్ లెక్కలు నోటితో కట్టేస్తాడు. చిన్న వాక్యాల్లోనే అగ్నిపర్వతాల గురించో, సైకిల్ బ్రేకు ఎలా పనిచేస్తుందో రాయొచ్చు కదా. కొనేముందు అన్నిటికన్నా కింది రంగు కార్డులు నాలుగు తీసి చదవండి, పై రంగులవి ఎలాగూ బాగానే ఉంటాయి.

ఇంకా పెద్ద ఇబ్బంది, రంగు పిల్లల పేరైపోయింది. రెండు నెలలకే "వాడింకా పసుపే" అనడం నా చెవిన పడింది. నేను మొదట్లోనే ఆపాల్సింది. కార్డు మీది రంగు గీతల మీద తెల్ల కాగితం అంటించి నంబర్లు మాత్రం వేశాను, కాస్త తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఆ పెట్టె కొలిచేది చదవడాన్ని మాత్రమే. భాష ఎంత వచ్చో చెప్పడానికి యూరప్ కౌన్సిల్ 2001లో ఇచ్చిన ఆరు లెవెల్స్, అడుగున ఏ1 నుంచి పైన సీ2 దాకా, చాలామందికి తెలుసు. అందులో చదవడం, వినడం, మాట్లాడటం, రాయడం విడివిడిగానే చూస్తారు, ఒకే మనిషి చదవడంలో బీ1, మాట్లాడటంలో ఏ2 కావచ్చు. ఎనిమిదో రంగు అమ్మాయి సంగతి అదే, కార్డు దాటి ఒక్క వాక్యం పైకి అనలేదు. అన్ని కార్డులూ చదివేసి నోరు విప్పకుండానే ఏడాది గడిపేయొచ్చు, పెట్టెలో దానికి ఏ అడ్డూ లేదు.

అందుకే మూడో నెల నుంచి రెండు పీరియడ్లలో ఒకదాంట్లో కార్డులని నా పద్ధతిలో వాడాను. ఒక పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి, తేలిక ముక్క ఒకరికి, కష్టమైనది ఇంకొకరికి ఇచ్చి, ఒకరి ముక్క ఇంకొకరికి చూపించకుండా నోటితోనే చెప్పుకోమన్నాను. నలుగురి ముక్కలూ కలిస్తేనే ప్రశ్నలకి జవాబులు దొరుకుతాయి. దీన్ని జిగ్‌సా అంటారు, 1971లో ఇలియట్ అరోన్సన్ అమెరికాలోని ఆస్టిన్ స్కూళ్లలో మొదలుపెట్టాడు. అప్పుడప్పుడే వేర్వేరు జాతుల పిల్లల్ని ఒకే క్లాసులో కూర్చోబెడుతున్న రోజులవి, పిల్లల మధ్య పోటీ, పగ ఉంటే ఒకరి అవసరం ఇంకొకరికి పడేలా పని పంచాడు. నా క్లాసులో పసుపు అని పిలిపించుకున్న అబ్బాయి దగ్గర ఉన్న ముక్కలోనే కథలోని దొంగ ఎవరో ఉంది. ముగ్గురూ వాడి నోటి వైపు చూశారు. వాడు మూడు వాక్యాలు చెప్పాడు, రెండింట్లో క్రియ తప్పు, అర్థం మాత్రం అందరికీ చేరింది.

డిక్టోగ్లాస్ కూడా బాగా పనిచేసింది. చిన్న పాఠం మామూలు వేగంతో రెండుసార్లు చదవాలి, పిల్లలు దొరికిన మాటలు రాసుకుని తర్వాత గ్రూపుగా కూర్చుని మళ్లీ కట్టుకోవాలి. చురుకైనవాళ్లకి వ్యాకరణం మీద పని దొరుకుతుంది, తక్కువ వచ్చినవాళ్లు పట్టిన రెండు మాటలు కూడా గ్రూపుకి కావాలి. గ్రూపులు మాత్రం మీరే కలపండి, వాళ్లకి వదిలేస్తే నలుగురు బాగా వచ్చినవాళ్లు ఒకచోట చేరతారు.

చిన్న సంగతులు: ఒక కార్డు కోసం ఇద్దరు ఎదురుచూడటం రోజూ ఉంటుంది. ఆన్సర్ కీ అందుబాటులో ఉంటే కొందరు చూసి రాసేస్తారు, వాళ్లని దొరకబుచ్చుకుని తిట్టే బదులు అదే కార్డు మీద నోటితో రెండు ప్రశ్నలు అడగండి చాలు. అంచులు ఆరు నెలలకే చిరిగాయి, లామినేషన్ ఉన్నదే కొనండి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. 15 మంది క్లాసు ఉండి, అందరి చదువూ దాదాపు ఒకే మోతాదులో ఉంటే ఇది అక్కర్లేదు. 30 దాటి, లెవెల్స్ బాగా తేడాగా ఉంటే కొనండి, కానీ మొదటి రోజే రంగుల మీద కాగితం అంటించండి, వారంలో ఒక పీరియడైనా పెట్టె మూత మూసి పిల్లలని ఒకరితో ఒకరు మాట్లాడనివ్వండి. మా పెట్టె ఈ ఏడాది కూడా వాడుతున్నాను, కింది మూడు రంగుల కార్డులు మాత్రం తీసి పక్కన పెట్టి, వాటి బదులు పాఠాలు నేనే రాస్తున్నాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి, మొదటిది సైకిల్ బ్రేకు గురించి.