పూసలు గుచ్చించాలా, గుండీ పెట్టించాలా?

ఆటిజం ఉన్న పిల్లల విషయంలో అందరూ అడిగేది ఒకటే: "మాటలొచ్చాయా?" చేతుల సంగతి ఎవరూ అడగరు. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఇలాంటి 11 మంది పిల్లల గురించి రాస్తూ, కొందరి నడకలో తడబాటుందని, వేళ్ల పని మాత్రం అందరికీ చక్కగా వచ్చని అన్నాడు. ఆ రెండో మాట మా ఇంట్లో చెల్లలేదు.

చొక్కా గుండీలు రాని పిల్లాడికి రెండు దారులు చెబుతారు. పూసలు, పెగ్ బోర్డు (చిల్లుల పలకలో పుల్లలు గుచ్చే ఆట), బంకమట్టితో ముందు వేళ్లను సిద్ధం చేయడం ఒకటి. నేరుగా చొక్కా మీదే నేర్పడం రెండోది.

నా ఓటు చొక్కాకే. మావాడు డబ్బాడు పూసలు గుచ్చేవాడు, చొక్కా తొడిగితే చేతులు వేలాడేసి నిలబడేవాడు. పూస కళ్లెదుట ఉంటుంది, చేతిలో కదలదు. గుండీ అలా కాదు. గుడ్డ జారుతుంది, తల వంచితే తప్ప కనబడదు. ఒక చేత్తో కాజా తెరిచి పట్టుకోవాలి, రెండో చేత్తో గుండీని ఏటవాలుగా, అదీ గుడ్డ వెనక నుంచి, చూడకుండా తోయాలి. సగం దాటగానే చేతులు పని మార్చుకోవాలి. పైగా ఒకచోట నేర్చింది ఇంకోచోట వాడటం ఈ పిల్లల్లో చాలామందికి కష్టం.

నేర్పేటప్పుడు చివరి నుంచి మొదలుపెట్టండి. గుండీని సగం మీరే దూర్చి, బయటికి లాగే పని వాడికి వదలండి. అది కుదిరాక ఒక్కో అడుగు వెనక్కి. తల వంచితే కనబడే నడుము దగ్గరి గుండీ ముందు, మెడ దగ్గరిది ఆఖరున. ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి, వెనక నిలబడి వాడి చేతులతో పాటు మీ చేతులూ కదపండి. నేను నెలరోజులు ఎదురుగానే కూర్చున్నాను!

పూసలు దండగ అనను. పిల్లాడికి అవంటే సరదా అయితే ఆడుకోనివ్వండి. వేళ్లలో పట్టే తక్కువని ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్ట్, రోజువారీ పనులు నేర్పే నిపుణులు) చూసి చెబితే విడిగా సాధనా కావాలి. కాలర్ తగిలితేనే చిరాకుపడే పిల్లాడికైతే అసలు చిక్కు వేళ్లది కాదు, గుడ్డది.

మూడో దారి కూడా ఉంది: గుండీల్లేని టీషర్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన, ఆరోగ్యం, వైకల్యాల వర్గీకరణ అయిన ఐసీఎఫ్‌లో శరీరం పనితీరు, పని చేసుకోగలగడం, నలుగురిలో పాలుపంచుకోవడం వేర్వేరుగా ఉంటాయి. గుండీ రాలేదని ఆటకు ఆలస్యం చేయడమెందుకు? పొద్దున హడావిడిలో టీషర్టు, సాయంత్రం తీరిగ్గా చొక్కా. విప్పడం తేలిక కాబట్టి ముందు గుండీలు విప్పనిచ్చేవాళ్లం.

మెడ దగ్గరి గుండీ ఇప్పటికీ నాచేతే పెట్టించుకుంటాడు.