లిస్బన్‌లో జెరోనిముస్ మొనాస్టరీ టూర్ కొనేవాళ్ళు ముందు ఇది చదవండి

నిన్న జరిగింది, ఇంకా కోపం తగ్గలేదు. అమ్మానాన్నలతో పోర్చుగల్, స్పెయిన్ తిరుగుతున్నాం. లిస్బన్‌లోని బెలేం పేటలో జెరోనిముస్ మొనాస్టరీకి (పాత క్రైస్తవ మఠం) "క్యూ లేకుండా ప్రవేశం, గైడ్‌తో సహా" అని ఒక ఏజెన్సీ అమ్ముతుంటే తలకి 45 యూరోలు పెట్టి కొన్నాం. మీరందరూ టూర్లు బుక్ చేసుకునే యాప్‌లోనే. రేటింగ్ కూడా బాగానే ఉంది.

గైడ్ మమ్మల్ని నేరుగా చర్చిలోకి తీసుకెళ్ళాడు. అక్కడే వాస్కోడగామా సమాధి, దానికి ఎదురుగా కవి కామోయిష్ సమాధి ఉంటాయి. అమ్మ రిటైర్డ్ సోషల్ టీచర్. 1498లో కాలికట్ తీరానికి వచ్చినవాడు, 1524లో కొచ్చిలో చనిపోయినవాడు చివరికి ఇక్కడికి ఎలా చేరాడో నాన్నకి చెబుతోంది. అది పూర్తయ్యేలోపే గైడ్ "టూర్ అయిపోయింది, బయటికి రండి" అన్నాడు.

మరి క్లాయిస్టర్ సంగతేంటని అడిగాను. మధ్యలో నలుచదరపు ఆవరణ, చుట్టూ రెండంతస్తుల చెక్కడపు వసారాలు. ఫోటోల్లో అందరం చూసే జెరోనిముస్ అదే. "మీ టికెట్‌లో చర్చి మాత్రమే ఉంది" అన్నాడు. గుమ్మం దగ్గరున్న ఉద్యోగినిని అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయింది. చర్చికి అసలు టికెట్టే లేదట! ఎవరైనా ఉచితంగా వెళ్ళొచ్చు. టికెట్ ఉండేది క్లాయిస్టర్‌కే.

వెనక్కి వచ్చి అదే మాట గైడ్‌తో అంటే, అమ్మ ముందే ఏమన్నాడో తెలుసా? "ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి ఆ సమాధి ఒక్కటి చూపిస్తే చాలు, మిగతాది మీకేం అర్థమవుతుంది?" అని. అమ్మ ముఖం చిన్నబోయింది. "వదిలేయమ్మా, వెళ్దాం పద" అని నా చెయ్యి పట్టుకుని లాగింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఏం అర్థం కాదు మాకు? రాజు మాన్యుయెల్ 1501లో ఈ కట్టడం మొదలుపెట్టించింది ఏ డబ్బుతో? ఆఫ్రికా నుంచి, మన వైపు నుంచి వచ్చే సరుకు మీద వేసిన 5 శాతం పన్నుతో. ఆ రాతిలో చెక్కిన ఓడతాళ్ళు, సముద్రపు గుర్తులు ఏ ప్రయాణాల గురించో అమ్మకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఐరోపా సమాజంలో (ఇప్పటి ఐరోపా యూనియన్) చేరే ఒప్పందంపై పోర్చుగల్ 1985 జూన్ 12న సంతకం చేసింది కూడా ఈ మొనాస్టరీలోనే. కవి పెసోవా సమాధి ఉన్నదీ క్లాయిస్టర్‌లోనే. ఇవన్నీ చూపించకుండా, ఊరికే చూడగలిగే చర్చిని మాకు డబ్బుకి అమ్మారు.

ఏజెన్సీకి మెసేజ్ పెడితే వచ్చిన జవాబు: "చర్చి కూడా మొనాస్టరీలో భాగమే, రిఫండ్ కుదరదు." యాప్ వాళ్ళు ఏజెన్సీతోనే మాట్లాడుకోమన్నారు. ఇంకో సంగతి, ఇదే ఏజెన్సీ దగ్గర మాడ్రిడ్ నుంచి ఎల్ ఎస్కోరియల్ (స్పెయిన్ రాజుల పాత మఠం, రాజభవనం) టూర్ కూడా తీసుకున్నాం. సరిచూస్తే వాళ్ళు ఇచ్చిన తేదీ సోమవారం. ఎల్ ఎస్కోరియల్ సోమవారం మూసి ఉంటుంది! మూసి ఉన్న రోజుకి టికెట్ అమ్మేవాళ్ళని ఏమనాలి? అడిగితే ఇంతవరకు జవాబు లేదు. అక్కడికి మాడ్రిడ్‌లోని మోంక్లోవా బస్‌స్టేషన్ నుంచి బస్సులున్నాయి, మేమే వెళ్తాం.

వెళ్ళేవాళ్ళకి చెప్పేది ఇంతే. టికెట్ పోర్చుగల్ ప్రభుత్వ మ్యూజియంల సంస్థ సొంత సైట్‌లోనే కొనండి. జెరోనిముస్ కూడా సోమవారం ఉండదు. చర్చికి, క్లాయిస్టర్‌కి క్యూలు వేరు. గైడ్ కావాలంటే "క్లాయిస్టర్ టికెట్ కలిపేనా" అని అడిగి, జవాబు మెసేజ్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి. పోర్చుగల్‌లోనే ఉన్న మరో మఠం బతాల్యాకి వెళ్ళేవాళ్ళు కూడా ఇలాగే అడగండి. అక్కడా చర్చి ఉచితం, రాజుల సమాధులున్న చాపెల్‌కి (చిన్న ప్రార్థనా మందిరం), క్లాయిస్టర్‌కి, పైకప్పు లేకుండా ఆగిపోయిన చాపెల్స్‌కి టికెట్ కావాలి.