కొబ్బరిలో సర్పిలాకార తెల్లదోమకు ఏ అల్లిక రెక్కల పురుగు మేలు?

పత్తిలో పేనుబంక మీదికి వదిలే క్రైసోపర్లానే కొబ్బరికీ కట్టేద్దామా, లేక అపెర్టోక్రైసా ఆస్టర్ కోసం ఆగుదామా? రెండూ క్రైసోపిడే కుటుంబానికి చెందిన అల్లిక రెక్కల పురుగులే (లేస్‌వింగ్), వీటి పిల్లలు తెల్లదోమ లాంటి మెత్తటి పురుగులను పీల్చి తింటాయి. తల్లి పురుగులు లేత ఆకుపచ్చగా ఒకేలా కనిపిస్తాయి, గుడ్డును సన్నని కాడ చివర నిలబెడతాయి. తేడా పిల్ల పురుగు వీపు మీద ఉంది. కొబ్బరికి మా ఓటు అపెర్టోక్రైసాకే.

క్రైసోపర్లా పిల్ల ఒళ్లు బోసిగా ఉంటుంది. అపెర్టోక్రైసా పిల్ల తాను పీల్చేసిన పురుగుల తొక్కల్ని, తెల్లదోమ మైనాన్ని వీపు వెంట్రుకలకు తగిలించుకుని, కదిలే దూదిపింజలా తిరుగుతుంది. మట్ట అడుగున ఆ మైనానికి కరువుండదు. తెల్లదోమ విసర్జించే తీపి జిగురు, అంటే తేనెబంక కోసం చేరిన చీమల కన్ను కప్పడానికి ఆ మూట బాగా పనికొస్తుంది. చిక్కల్లా మనతోనే: కదిలే తెల్ల ముద్దను పిండినల్లి అనుకుని మందు కొట్టేస్తారు. పుల్లతో మూట తీసి చూడండి, కొడవళ్లలాంటి రెండు కోరలు కనిపిస్తే అది మిత్ర పురుగే. పత్తి, మిరప లాంటి పొలం పైర్లలో మాత్రం క్రైసోపర్లాయే సరి.

పేర్లతో జాగ్రత్త. మల్లాడా, డైకోక్రైసా, సూడోమల్లాడా, అపెర్టోక్రైసా అని ప్రజాతి (పేరులోని మొదటి మాట) మారుతూ వచ్చినా, చివర 'ఆస్టర్' ఉంటే పురుగు ఒక్కటే. పాత పుస్తకాల్లోని 'క్రైసోపర్లా కార్నియా' మన దగ్గర నిజానికి క్రైసోపర్లా జాస్ట్రోవి సిల్లెమి. ఈ గుంపులో జాతులను రంగు చూసి విడదీయడం కష్టం. జత కోసం పొట్ట అదిరిస్తూ పంపే ప్రకంపనల వరుసే అసలు ఆనవాలు.

ఏది తెచ్చినా కార్డుల మీద అంటించి ఇచ్చే గుడ్లే తీసుకోండి. ఈ రెండింటి తల్లి పురుగులూ పుప్పొడి, తేనెబంకలతో బతికేవే, తెల్లదోమను తినవు. గుడ్డు 3–4 రోజుల్లో పొదుగుతుంది. ఆకుపచ్చగా ఉన్నది బూడిద రంగుకు తిరిగితే ఇక ఆలస్యం చేయకూడదు. కార్డు మీది గుడ్లకు సాధారణంగా కాడ ఉండదు, ముందు పుట్టిన పిల్ల పక్క గుడ్లను తినేస్తుంది. కార్డును చిన్న ముక్కలు చేసి, సాయంత్రం పూట, తెల్లదోమ ఉన్న ఆకుల అడుగున పిన్ను కొట్టండి. ఎండ తగిలే పైవైపు వద్దు.

డబ్బు పెట్టే ముందు భూతద్దంతో తెల్లదోమ పిల్ల పురుగుల్ని చూడండి. వాటి వీపున గుండ్రని రంధ్రాలుంటే తెల్లదోమ లోపల పెరిగి దాన్ని చంపే ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే చిన్న కందిరీగ తోటలోకి వచ్చేసినట్టే. అలాంటివి చాలా కనిపిస్తే ఏ అల్లిక రెక్కల పురుగూ అక్కర్లేదు. పైగా అల్లిక రెక్కల పురుగు పిల్లల కోరలకు తన పర భేదం లేదు, లోపల కందిరీగ పెరుగుతున్న తెల్లదోమనూ పీల్చేస్తాయి. ఆ తోటలో మందు మానేసి, లోపల కందిరీగ పెరుగుతున్న తెల్లదోమ పిల్లలున్న ఆకు ముక్కలను కందిరీగ ఇంకా చేరని చెట్లకు కట్టడమే చవకైన పని.