సిక్కోలు తీరానికి ఓపెన్‌డ్రిఫ్ట్: ఆ చుక్కల గుంపును ఎంత నమ్మొచ్చు?

సముద్రంలో కొట్టుకుపోయేవి ఎటు పోతాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డ్రిఫ్ట్. నార్వే వాతావరణ సంస్థ వాళ్లది, ఉచితం. పైథాన్ తెలిస్తే కాండా అనే ఇన్‌స్టాలర్‌తో ఎక్కించుకోవచ్చు. ప్రవాహాల ఫైలు ఇచ్చి కళింగపట్నం ఎదురుగా పదివేల చుక్కలు వదిలితే చేపగుడ్లూ లార్వాలూ ఎటు కొట్టుకుపోతాయో గీసి చూపిస్తుంది. టైమ్‌స్టెప్ (ఒక్కో లెక్కకు జరిగే సమయం) మైనస్‌లో పెడితే బారువలో దొరికిన చేపపిల్ల ఎక్కడ పుట్టిందో వెనక్కి కూడా లెక్కగడుతుంది. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

చిక్కల్లా ఆ గుంపు వెడల్పునే తప్పు హద్దు అనుకోవడంతో. హారిజాంటల్ డిఫ్యూజివిటీ (చుక్కలు అడ్డంగా ఎంత చెదరాలో చెప్పే అంకె) సెకనుకు 10 చదరపు మీటర్లు పెడితే 20 రోజుల్లో చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) ఒక్కో దిశలో 6 కిలోమీటర్లే. ప్రవాహాల ఫైలే సెకనుకు 5 సెంటీమీటర్లు ఒకే వైపు తప్పిందా, అదే 20 రోజులకు 86 కిలోమీటర్లు! కళింగపట్నం నుంచి బారువ అంత దూరం లేదు.

ప్రవాహ వేగానికి యాదృచ్ఛికంగా తప్పు కలిపే ‘కరెంట్ అన్‌సర్టెన్టీ’ సెట్టింగ్ పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. అది స్టెప్పుకోసారి కొత్తగా పాచిక వేస్తుంది కాబట్టి తప్పులు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సెకనుకు 0.1 మీటరు పెట్టి గంట స్టెప్పుతో నడిపితే చెదురు 8 కిలోమీటర్లు, పావుగంట స్టెప్పుతో 4. సముద్రం మారలేదు, జవాబు సగమైపోయింది. అందుకే దాన్ని సున్నా చేసి డిఫ్యూజివిటీ ఒక్కటే వాడటం మేలు. అది స్టెప్పును బట్టి మారదు.

అసలు అనుమానం తేలాలంటే ఫైళ్లు మార్చాలి. ప్రవాహాల ఫైళ్లిచ్చే యూరప్ వాళ్ల కోపర్నికస్‌తో ఒకసారి, అమెరికా వాళ్ల హైకామ్‌తో ఒకసారి, వదిలే తేదీలు ముందూ వెనకా జరిపి, 0, 5, 15 మీటర్ల లోతుల్లో నడిపి అన్నీ ఒకే మ్యాపు మీద వేయండి. మన తీర ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఒడిశా వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా విశాఖ వైపు. దిక్కు మారే రోజుల్లో మోడల్ ఒక్క వారం తడబడినా భావనపాడు చేపపిల్లలు దక్షిణాన కోనాడలో తేలతాయి.

కోపర్నికస్ గ్లోబల్ గడి 1/12 డిగ్రీ, సుమారు 9 కిలోమీటర్లు. వంశధార, నాగావళి మొగలు అందులో కనబడవు. రోజు సగటు ఫైలైతే పోటూపాటూ కూడా ఉండవు.

ఓపెన్‌డ్రిఫ్ట్‌లో చేపపిల్లల కోసం ఉన్న లార్వల్‌ఫిష్ మాడ్యూల్‌లో గుడ్డు పొదిగే లెక్క, పెరిగే లెక్క చల్లనీళ్ల కాడ్ చేపవి. కవ్వళ్లకు వాటిని అలాగే వాడొద్దు, మార్చి రాసుకోవాలి. ఒడ్డు తగిలితే ఏం చేయాలో చెప్పే ‘కోస్ట్‌లైన్ యాక్షన్’ సెట్టింగ్ కూడా చూసుకోండి: ‘స్ట్రాండింగ్’ ఉంటే ఒడ్డు తగిలిన లార్వా అక్కడితో ఆగిపోతుంది, ‘ప్రీవియస్’ పెడితే ఒక స్టెప్పు వెనక్కి వచ్చి మళ్లీ సాగుతుంది.